ఉన్ని దారంతోని తీసిన కొలత

మా మనుమరాలి ప్యాంట్లు ఇంట్ల ఎవ్వర్నీ ఉతకనియ్య. కోడలికి గూడ ఇయ్య. "మిషన్ల వేస్తె గంటల అయిపోతది అత్తమ్మా" అంటది ఆమె. అయిపోయేది పని కాదు, బట్ట. నేను గుండీలు పెట్టి, ఉల్టా తిప్పి, చల్లటి నీళ్ళల్ల జరసేపు నానవెడ్త. మోకాళ్ళ కాడ, కింద అంచుల కాడ మాత్రం సబ్బు రుద్దుత. మా తాండూర్ల ఏ ఇంటికి పోయినా నాపబండ ఉంటది. చేతికి బట్ట దొరికితె బండకేసి కొట్టుడే మాకు తెలుసు. నా జన్మంత కొట్టిన. ఈ ప్యాంట్లను మాత్రం కొట్ట, పిండ. నీళ్ళు వాటంతట అవే కారాలె. నడుము పట్టీకి క్లిప్పులు పెట్టి నీడకు వేస్త. కొంచెం తడి ఉండంగనే, మీద పల్చటి తెల్లగుడ్డ పరిచి ఇస్త్రీ చేయిస్త. ఎండకు వేస్తె రంగు పోతది, వట్టిగ ఇస్త్రీ చేస్తె బట్ట మీద మెరుపు మచ్చ పడ్తది. రెండూ నాకు గిట్టవు.

ఒక్క ప్యాంటు మీద ఇంత ఫికరా అని మా కొడుకు నవ్వుతడు. వాడు నవ్వనీ. ఆ ప్యాంటు మొదలు ఎట్ల కుట్టించిన్నో, ఆ పది రోజులు నా పానం ఎట్ల కొట్టుకున్నదో వానికి తెల్వదు. అందుకే రాస్తున్న. నేను మూడో తరగతి దాకనే బడికి పోయిన. తరువాత గొర్ల ఎంబడి పోయిన. అక్షరాలు వంకర వస్తయి గాని, అబద్ధం మాత్రం రాయ.

నా కొడుకు తాండూర్ల బండల పాలిష్ కాడ పని చేస్తడు. నా మనుమరాలు వాని ఒక్కతే బిడ్డ. వికారాబాదుల డిగ్రీ చదువుతుండె. పొద్దుగాల రైలెక్కి పోవుడు, మాపటికి వచ్చుడు. పోయినేడు ఒకనాడు రైలు తప్పిపోయిందని వాళ్ళ నాయిన బండి మీద తీసుకపోయిండు. రోడ్డు మీద ఎవరో పాలిష్ రొచ్చు పారవోసిండ్రు. బండి జారింది. వీనికి మోచేయి గీరుకపోయింది. పిల్ల కుడికాలు మోకాలి కింద రెండు తావుల ఇరిగింది. కాలు బయటినుంచి ఇనుప చువ్వలు పెట్టిండ్రు. అవి తీసేసినంక చూస్తె పిక్క సన్నగ అయింది, మోకాలి నుంచి చీలమండ కాడి గిలక దాక గుంటలు గుంటలు మచ్చ, కాలు ఒక వేలంత పొట్టి. డాక్టరు ఆ కాలు చెప్పుకు కింద మందం అట్ట వేయించిండు. "నడువు, ఎంత నడిస్తె అంత మంచిది" అన్నడు.

పిల్ల నడిచింది. ఇంట్ల మాత్రమే. అర్ర నుంచి వంటింటికి, వంటింటి నుంచి అర్రకు. తొమ్మిది నెలలు గడప దాటలే.

మేము అడిగితె ఒక్కటే మాట: "ఏం ఏస్కొని పోవాలె?"

చుడీదారు వేస్తె రెండు కాళ్ళు రెండు తీర్ల కనవడ్తయి. వదులు పైజామా వేస్తె అంచు మందం చెప్పు కింద పడి ముందల పడవోయింది ఒకసారి. చీర కడ్తె కుచ్చిళ్ళు కాలికి అడ్డం. దుకాణంల తయారుగ దొరికే ప్యాంట్లు వాళ్ళ నాయిన మూడు తెచ్చిండు. నడుముకు పట్టింది కాలుకు పట్టలే, కాలుకు పట్టింది నడుముకు జారింది. మూడు గూడ వాపసు పోయినయి.

ఇంతల పరీక్షలు వచ్చినయి. ఆమె సోపతి పిల్ల ఫోన్ల చెప్పింది, హాల్ టికెట్ ఎవరిది వాళ్ళే వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలె అని. ఈసారి పోకుంటె ఇంకొక ఏడు పోతది. ఏడు పోవుడు కాదు నా భయం. తొమ్మిది నెలలు ఇంట్ల కూసున్న మనిషి ఇంకొక ఏడు కూసుంటె, ఇగ లేవదు. మందల కాలిరిగిన గొర్రె ఉంటది. నాలుగు దినాలు కొట్టంల కట్టేస్తె, కాలు నయమైనా మందతోని పోదు. తలుపు తీసినా బయిటికి చూసుకుంట అండ్లనే నిలవడ్తది. నేను కండ్లార చూసిన.

ఒకనాడు ఆమె ఫోన్ల ఒక బొమ్మ చూపించింది. "అవ్వా, గిట్లాంటిది కుట్టిస్తె పోత."

చూసిన. మొగోళ్ళ ప్యాంటు లెక్కనే ఉన్నది గాని వదులుగ, తిన్నగ కిందికి దిగింది. నడుముకు వెనక సగం రబ్బరు, ముంగట పట్టీ. రెండు లోతు జేబులు.

"జేబులెందుకు ఆడపిల్లకు?"

"ఫోను జేబుల వేస్తె రెండు చేతులు ఖాళీ ఉంటయి. రైలు కడ్డీ పట్టుకోవాలె కద."

ఈ పిల్లే ఇంటర్ల ఉన్నప్పుడు జీన్ ప్యాంటు కావాలంటె, "నీ నాయిన పాతది ఏస్కో, మీసాలు గూడ పెట్టుకో" అన్నది నేనే. నెల రోజులు మాట్లాడలే నాతోని అప్పుడు. ఇప్పుడు అదే నోటితోని "కుట్టిస్త" అన్న. అని, కొంగు సర్దుకొని బట్టల దుకాణానికి పోయిన.

బట్ట కొనుడు నాకు ఒకరు చెప్పేది కాదు. దుకాణం సేటు నన్ను చూడంగనే మంచి తాను ఒకటి కిందికి, నాసి తాను ఒకటి మీదికి చేస్తడు. నేను కిందిదే గుంజుత. ముందుగాల గుప్పిట్ల పట్టి నలిపి ఇడిచిన. ముడతలు అట్లనే నిలిస్తె పనికిరాదు, రైల్ల గంట కూసుంటె గుడ్డపీలిక అయితది. తరువాత వెలుతురుకు పట్టి చూసిన. సందుల నుంచి వేలు కనవడ్తె పక్కకు పెట్టిన. ఈ పిల్లకు పల్చటిది అస్సలు వద్దు. గాలికి కాలుకు అతుక్కునేది వద్దు. అట్లని మరీ దొడ్డుది వద్దు, మోకాలు మలగదు. ఒక మూలకు ఉమ్మి తడి చేసి నా తెల్ల కొంగుకు రాసి చూసిన.

"అమ్మా, బట్ట కొంటున్నవా, పోలీసు తలాషీ చేస్తున్నవా?" అన్నడు సేటు.

"నీ బట్ట దొంగ కాకుంటె భయమెందుకు?"

ఆకరికి దొడ్డు నూలు బట్ట ఒకటి నచ్చింది. రంగు మా నాపరాయి తీరు బూడిద నీలం. పిల్ల అడిగింది ముదురు మెంతాకు రంగు. ఈ ఊర్ల ముదురు రంగు వేస్తె పొద్దుమూకె వరకు బండల దుమ్ము తేలుతది. దుమ్ము రంగుదే వేస్తె దుమ్ము కనవడదు. రెండు మీటర్ల బట్ట చాలన్నడు సేటు. అంతే తీసుకున్న. ఇంకో జానెడు తీసుకోవాల్సింది. నాకు చెయ్యి రాలే. ఇంటికి తెచ్చి బకెట్ల నానవెట్టి, నీడకు ఆరవెట్టిన. నూలు బట్టను నానవెట్టకుండ కుట్టిస్తె మొదటి ఉతుకుకే పొట్టిగయితది, అది నాకు తెలుసు. తెలిసిన తావుల అన్ని జాగర్తలు తీసుకున్న. తెల్వని తావునే దెబ్బ వడ్డది.

తాండూర్ల కుట్టిస్త అంటె పిల్ల ఒప్పుకోలే. "ఈడ అందరికి తెలుస్తది. ఫలానా పిల్ల కాలు గిట్ల ఉన్నదట అని దర్జీ దుకాణంల మాట్లాడుకుంటరు." వికారాబాదుల ఒక దర్జీ ఉన్నడు. నా మొగుడు బతికుండంగ గొర్లు తోలుకొని ఆ దిక్కు అంగడికి పోయినప్పుడల్ల ఆయన కాడనే అంగీలు కుట్టించుకునేటోడు. ముసలాయన, చేతి పని నమ్మకం. ఆయన పేరు చెప్తె సరే అన్నది గాని, "నేను రాను. కొలతలు నువ్వే తీసుకపో" అన్నది.

"టేపు ఏది?"

ఇంట్ల టేపు లేదు. పక్కింటోళ్ళను అడుగుత అంటె వద్దన్నది. నాకు టేపు మీద ఇంచులేవో సెంటీమీటర్లేవో గూడ సరిగ తెల్వదు. నాకు తెలిసిన కొలత ఒక్కటే. మా పుట్టింటి దిక్కు, దోమ మండలంల, గొంగళ్ళు నేసేటోళ్ళు ఉండె. ఎంత పొడుగు కావాలెనో ఉన్ని దారం తీసి, ముడి వేసి ఇచ్చేటోళ్ళం. దారం పోతది, గొంగడి వస్తది. ఎన్నడు ఎవ్వరు తక్కువాయె ఎక్కువాయె అని కొట్లాడలే. మా ఇంట్ల పాత గొంగడికి అతుకు వేసేటందుకు ఉన్ని దారం ఉండ ఇప్పటికి ఉంటది. అది తీసిన.

తలుపు పెట్టినం. పిల్ల గోడ దిక్కు మొఖం తిప్పి నిలవడ్డది. నడుముకు వదులుగ ఒక చుట్టు తీసి ముడి వేసిన. తరువాత కాళ్ళు. దారం మచ్చకు తగిలితె ఆమె ఉలిక్కి పడ్తది, సబ్బు రాసుకునేటప్పుడు గూడ చూసిన. అందుకే కాలికి ఆనకుంట, దూరం పట్టి, నడుము నుంచి గిలక కింది దాక బిర్రుగ గుంజి పట్టిన. ఎడమ కాలుకు ఒక ముడి, కుడి కాలుకు రెండు ముడులు. 

"అయ్యిందా?"

"అయ్యింది బిడ్డా."

ఆమె తిరిగి చూడకుండనే పైజామా ఎక్కించుకున్నది.

తెల్లారి ప్యాసింజర్ ఎక్కి పోయిన. ధారూరు దాటేదాక కిటికీల నుంచి కందిచేన్లు చూసుకుంట పోయిన. పూత మంచిగున్నది. నా మనసు మాత్రం సంచిల ఉన్న దారం మీదనే. ఎక్కడన్న ముడి ఊడిందా అని మూడుసార్లు తీసి చూసిన.

దర్జీ దారం బల్ల మీద పెట్టి కండ్లద్దాలు దించిండు.

"అమ్మా, ప్యాంటు మనిషికా, గొర్రెకా?"

"గొర్రెకైతె నీకన్న మంచిగ కుట్టెటోళ్ళున్నరు భాయ్. మనిషికే."

ఆయన నవ్వి, దారాలు పక్క పక్కన పరిచిండు. ఒక ముడి దారం, రెండు ముడుల దారం ఒక వేలంత తేడా. ఆయన ఆ తేడా చూసిండు. నా దిక్కు చూసిండు. ఏమి అడగలే. టేపు దాని మీద పెట్టి కాగితం మీద రాసుకున్నడు. బల్ల మీద దారం పాము తీరు వంకర వంకరగ పండుకున్నది. ఆయన వేలితోని సాపు చేసిండు గాని గుంజలే. నేను చూసిన. చూసి గూడ నా బుర్రకు తట్టలే.

"పిల్లను ఒకసారి నిలవెట్టి చూస్తె మంచిగుండు అమ్మా."

"రాదు. నా కొలత నమ్ము. నేను నిన్న మొన్న పుట్టలే."

"నమ్ముత. నమ్మకుంటె ఊకుంటవా?" అన్నడు.

నాలుగు రోజులకు రమ్మన్నడు. ఆ నాలుగు రోజులు నాకు అన్నం సయించలే. పిల్ల అడగలే గాని, క్యాలెండర్ ముంగట నిలవడి చూస్తుండె. హాల్ టికెట్లు ఇచ్చే ఆకరి దినం మీద వేలు పెట్టి లెక్కవెట్టుడు వంటింట్ల నుంచి నాకు కనవడ్డది. పెన్ను ఎక్కడున్నదో తీసి రాసి చూసింది, రాయకపోతె సిరా కోసం గీకింది. పుస్తకాల మీది దుమ్ము తుడిచింది. ఆ తుడుచుడు చూసినకొద్ది నాకు ఇంకింత భయం. ఆశ పెట్టుకోని పిల్లకు ఆశ పెట్టిన. అది తప్పితె ఏం చెయ్యాలె?

నాలుగో దినం తెచ్చిన. రైలు అందుకునే తొందరల మిగిలిన ముక్కలు అడుగుడు గూడ మర్చిపోయిన. నా జన్మల దర్జీ కాడ ముక్కలు ఇడిచిపెట్టి వచ్చింది అదే మొదలు.

పని మాత్రం మంచిగ చేసిండు. కుట్టు సన్నగ, లోపల అంచులు పోగులు లేవకుండ మడిచి కుట్టిండు. జేబులు మోచేతి దాక లోతు. పిల్ల అర్రలకు తీసుకపోయి తలుపు పెట్టుకున్నది. నేను తలుపు బయట నిలవడ్డ. కోడలు వచ్చి నిలవడ్డది. లోపల నుంచి గాజుల చప్పుడు గూడ వస్తలేదు.

తలుపు తెరిచింది. నడుము సక్కగ పట్టింది. తొడల కాడ వదులు సక్కగున్నది. కింద మాత్రం గిలక మీద నాలుగు వేళ్ళ పైకి ఉన్నది. మచ్చ కొస బయట కనవడ్తుంది. మందం అట్ట చెప్పు అంత కనవడ్తుంది. ఏది దాయాల్నని కుట్టించిన్నో సరిగ్గ అదే కనవడ్తుంది.

పిల్ల మళ్ళ లోపలికి పోయి ఇప్పి, మడత పెట్టి, తెచ్చి నా ఒడిల పెట్టింది.

"నేను పోను అవ్వా."

ఏడ్చినా బాగుండు. ఏడ్వలే. పోయి పుస్తకాలు మళ్ళ అల్మారిల పెట్టింది.

దర్జీ మీద నిప్పులు చెరిగిన. "ముసలోనికి కండ్లు పోయినయి. బట్ట ముక్కలు గూడ వానికే మిగిలినయి" అని నోటికొచ్చింది అన్న. నా కొడుకు పని నుంచి వచ్చి, "నంబర్ ఇయ్యి అమ్మా, నేను మాట్లాడ్త వానితోని" అని లేచిండు.

"ఆగు" అన్న. ఎందుకన్ననో నాకే తెల్వదు. దారం ముక్కలు సంచిల వాపసు తెచ్చిన గద. వాటిని తీసి, ప్యాంటు నేల మీద పరిచి, దాని పక్కన పెట్టిన. సరిగ్గ సరిపోయినయి. దర్జీ దారం ఎంతుంటె అంత కుట్టిండు. అప్పుడు దారం కొసలు రెండు చేతుల పట్టి, ఆ రోజు పిల్ల కాలు కాడ పట్టినట్టు గుంజిన. ఒక వేలు సాగింది. ఇంక గుంజిన. నాలుగు వేళ్ళు. ఇడిచిన. మళ్ళ మునుపటి తీరు ముడుసుకున్నది.

ఉన్ని సాగుతది. పుట్టినప్పటి నుంచి దాన్ని వడికిన, పేనిన, అతుకు వేసిన. సాగుతదని నాకు తెల్వదా? గొంగడికి నాలుగు వేళ్ళు ఎక్కువైనా తక్కువైనా ఎవ్వరు అడగరు, మీద కప్పుకుంటె చాలు. మనిషి కాలుకు నాలుగు వేళ్ళంటె ఇల్లు దాటుడు, దాటకపోవుడు.

కొడుకు నిలవడి చూస్తుండు. "ఏమైందమ్మా? వాని నంబర్ ఇస్తవా?"

నిజం చెప్పొద్దా, ఒక్క గడియ ఆలోచించిన. దర్జీ తప్పే అంటె అయిపోతది. ముసలాయన ఎక్కడో వికారాబాదుల ఉన్నడు, వచ్చి చూస్తడా? ఈ ఇంట్ల నా మాటకు ఎదురు లేదు. కోడలు ఉప్పు ఎక్కువ వేస్తె పది రోజులు యాది చేసి అంటనాయె. ఇప్పుడు నా తప్పు నేను ఎట్ల అనుకోవాలె?

"తప్పు వానిది కాదు. నాది" అన్న.

కోడలు మొఖం అటు తిప్పుకున్నది. నవ్విందో లేదో నేను చూడలే. చూస్తె మళ్ళ కోపం వస్తుండె.

నేనే దర్జీకి ఫోను చేయించిన. సంగతి చెప్పిన. ఆయన, "ముక్కలు నా కాడ ఉన్నయి అమ్మా. కింద పట్టీ వేసి పొడుగు చేస్త. కాని మళ్ళ దారం తెస్తె ముట్ట. పిల్ల వచ్చి చెప్పులు తొడుక్కొని నిలవడాలె. గప్పుడే కత్తెర పట్టుకుంట" అన్నడు.

పిల్ల కాడికి పోయిన. మంచం మీద పండుకొని గోడ చూస్తుంది. కూసొని దారం ఆమె చేతిల పెట్టిన. "గుంజి చూడు" అన్న. గుంజింది. ఇడిచింది. మళ్ళ గుంజింది.

"నేను బిర్రుగ పట్టిన బిడ్డా. నీకు తగలొద్దని. నా తెలివి తక్కువ. దర్జీ నిన్ను రమ్మంటుండు. రానంటె ఇగ నేను ఏం చెయ్యలేను, నాకు వచ్చిన కొలత ఇదొక్కటే."

చానసేపు దారం వేలికి చుట్టుకుంట ఇప్పుకుంట ఉన్నది.

"గొంగళ్ళన్ని గిట్లనే కొలిచిండ్రా మీరు?"

"గిట్లనే."

"అందుకే తాతకు కాళ్ళు బయటికి ఉంటుండె" అన్నది. నవ్వుకుంట అనలే, కోపంతోని గూడ అనలే. తరువాత, "మధ్యాన్నం రైలుకైతె మంది తక్కువుంటరు" అన్నది.

పొద్దు తెల్లారితె హాల్ టికెట్లకు ఆకరి దినం. నేను ఆ మాట ఎత్తలే. ఎత్తితె రానంటదేమో అని భయం. తెల్లారి మధ్యాన్నం ఆ పొట్టి ప్యాంటే వేసుకొని, కింద వాళ్ళ నాయిన మేజోళ్ళు మోకాలి దాక గుంజుకొని బయలెల్లింది. ఆటోల ఒడి మీద నా శాలువ పరుచుకున్నది. స్టేషన్ల మంది చూస్తరేమో అని ఆమె మంది దిక్కు చూస్తుంది, ఆమె పడ్తదేమో అని నేను ఆమె కాళ్ళ దిక్కు చూస్తున్న.

రైలు మెట్టు ఎత్తు. ముందుగాల కుడికాలు పెట్టింది. మోకాలు మలగలే. వెనక నిలవడ్డోళ్ళు "జల్ది, జల్ది" అంటుండ్రు. "ఆగుండ్రి! మీ రైలు ఎత్తుకపోతుండ్రా ఎవరన్న?" అని ఒర్రిన. పిల్ల మొఖం ఎర్రగయింది. "అవ్వా, అరవకు" అని పండ్లు కొరికి, ఎడమ కాలు పెట్టి, రెండు చేతుల కడ్డీ పట్టి ఎక్కింది.

లోపల కర్ణాటక దిక్కు నుంచి వచ్చే ఆమె ఒకతి జరిగి జాగ ఇచ్చింది. మేజోళ్ళు చూసి, "ఏనాయ్తమ్మా కాలిగె?" అన్నది. నేను నోరు తెరిచేలోపలనే పిల్ల, "బండి మీదికెల్లి పడ్డ" అన్నది. ఆమె తన మోకాలు చూపించి, బావి మెట్ల మీద తను పడ్డ సంగతి సగం కన్నడంల సగం తెలుగుల వికారాబాదు దాక చెప్పింది. తొమ్మిది నెలల్ల మా పిల్ల బయటోళ్ళతోని మాట్లాడింది అదే మొదలు. నేను కిటికీ దిక్కు చూసుకుంట ఒక్కొక్క మాట విన్న.

దర్జీ దుకాణంల నేల సక్కగ లేదని, గడప కాడ సాపు బండ మీద నిలవెట్టిండు ఆమెను. టేపు ఒక కొస ఆమె చేతికే ఇచ్చి, "నడుము కాడ నువ్వే పట్టు బిడ్డా" అన్నడు. తను కింద కూసొని, కాలికి చెయ్యి తగలకుండ, టేపు నేలకు దించి చూసిండు. అట్ట చెప్పు తొడిగినంక రెండు కాళ్ళ కొలత ఒక్కటే వచ్చింది. "సమానమే ఉన్నయి" అన్నడు. వట్టి దర్జీ మాటే అది. పిల్ల మాత్రం కిందికి చూసి, "ఒకటేనా?" అని మళ్ళ అడిగింది.

"ఒకటే. నువ్వు చూడు అంకె."

వంగి చూసింది.

గంటసేపు శాలువ చుట్టుకొని తెర వెనక కూసున్నది. మిషన్ నడుస్తున్నంతసేపు నేను గడియారం చూసుకుంట కూసున్న. మిగిలిన ముక్కలతోని రెండు కాళ్ళకు కింద పట్టీ వేసిండు, ఎడమకు నాలుగు వేళ్ళు, కుడికి ఒక వేలు ఎక్కువ. అతుకు కనవడ్తది గద అంటె, దాని మీద రెండు వరుసల కుట్టు వేసిండు. "ఇప్పుడు ఇది అతుకు కాదు, ఫ్యాషన్. పైసలు ఎక్కువ తీసుకోవాలె అసలు" అన్నడు.

పిల్ల తొడుక్కొని వచ్చింది. అంచు పాదం మీదికి దిగింది, అట్ట కనవడలే, నేలకు రాసుకోలే. అద్దం ముంగట ఇటు తిరిగింది, అటు తిరిగింది. జేబుల చేతులు పెట్టి తీసింది. నా దిక్కు చూడకుంటనే అన్నది:

"అవ్వా, కాలేజి కాడికి అర్ధగంటల పోయొస్త."

లేచిన. "పా."

"నువ్వు ఈడనే కూసో."

"ఒక్కదానివే? రోడ్డు దాటాలె. లారీలు వస్తయి. కాలేజి మెట్లు..."

"కూసో అవ్వా."

కూసున్న. నాతోని ఎవ్వరూ గట్ల మాట్లాడరు. పిల్ల గడప దిగింది. కుడికాలు జర ఈడ్సుకుంట, ఎడమ దిక్కు ఒరిగి నడిచింది. ప్యాంటు కాలును దాస్తది, నడకను దాయదు. అది నాకు అప్పుడు సమజైంది. ఆమెకు ముందే తెలుసు కావచ్చు. మలుపు కాడ ఆగింది. ఆగితె, వాపసు వస్తదనుకున్న. ఒక ఆటోను పోనిచ్చి మలుపు తిరిగింది.

అర్ధగంట అన్నది. అర్ధగంట అయ్యింది. గంటయ్యింది. రెండుసార్లు లేచిన. "కూసో అమ్మా, చిన్నపిల్లా?" అన్నడు దర్జీ. ఆఫీసు మూసిండ్రా? సంతకం పెట్టనియ్యలేదా? పడ్డదా? ఫోను చెయ్యనా అంటె, రోడ్డు మీద ఉలిక్కి పడ్తదని చెయ్యలే. తాండూరు రైలు టైము దగ్గరవడ్డది.

అప్పుడు మలుపు కాడ కనవడ్డది. ఒక్కతే కాదు. ఇద్దరు సోపతి పిల్లలు అటొకరు ఇటొకరు. చేతిల కాగితం, హాల్ టికెటే. ముగ్గురు ఏందో మాట్లాడుకుంట, దుకాణం దిక్కు రాకుంట, రోడ్డుకు అవతల ఉన్న మిర్చీల బండి కాడికి పోయిండ్రు. కాగితం మడిచి జేబుల పెట్టుకున్నది. బండి కాడ ఎంతమంది ఉన్నరో, ఎవరు ఆమె కాళ్ళ దిక్కు చూస్తుండ్రో నేను చూస్తున్న. ఆమె చూస్తలేదు. వేడి మిర్చి ఒక చెయ్యి నుంచి ఒక చేతికి మార్చుకుంట ఊదుకుంటుంది.

పిలువాలె. రైలు తప్పుతది. నోటి దాక వచ్చింది.

"అమ్మా, రైలుకు టైమైతుంది గద?" అన్నడు దర్జీ, దారం తెంపుకుంట.

"ఇంకోటి వస్తది" అన్న.

అన్న గాని, ఇంకోటి ఎన్నింటికో నాకు తెల్వదు.